క్రాపు పిల్ల నవల

రిటైరయ్యాక నా దగ్గరికి దిద్దడానికి రకరకాల రాతలు వస్తుంటాయి. పెళ్లి శుభలేఖలు, ఉత్సవాల కరపత్రాలు, ఒకరిద్దరు రిటైర్డు మాస్టర్ల ఆత్మకథలు. పత్రికలో డెస్కు మీద పనిచేసినవాడి కంటికి తప్పు దొరక్కుండా పోదని నంద్యాలలో కొందరికి గట్టి నమ్మకం. నవల మాత్రం ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. వచ్చిన ఒక్కటీ నా కూతురి కూతురు రాసింది.

ఆమె ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తుంది. ఆ బడిలో ఆడపిల్లలు రెండు జడలు వేసుకుని, మడిచి రిబ్బన్లు కట్టుకుని రావాలి. నిరుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి సెలవుల్లో జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. మళ్లీ జడ అందేదాకా ఆ పిల్లను ప్రార్థనలో వెనక్కి, విడిగా నిలబెట్టారు. మా మనవరాలికి అది మింగుడు పడలేదు. ఉద్యోగం కొత్త, గొడవ పెట్టుకోలేదు. ఇంటికొచ్చి నవల మొదలుపెట్టింది.

వందేళ్ల కిందటి కథ అది. దేశదేశాల్లో ఆడపిల్లలు జుట్టు చెవుల దాకా కత్తిరించి, మోకాళ్ల దాకా గౌన్లు తొడిగి, ఇంట్లో పెద్దల నిద్ర చెడగొట్టిన కాలం. ఆ గాలి నంద్యాల పిల్ల ఒకతికి తగిలితే ఏమయ్యేదన్నది ఆమె ఊహ. చదవాల్సినవాళ్లు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు. హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే చిన్న సంస్థ ఒకటి సరేనంది. అచ్చుకు ముందు తాతకు చూపిస్తానని ఆమె వాళ్లకు చెప్పిందట.

మొదటి అధ్యాయాలు వరండాలో కూర్చుని చదివాను. పిల్ల నంద్యాలలో రైలెక్కి మద్రాసులో దిగుతుంది. గ్రామఫోను వింటుంది. నాభి దాకా వేలాడే పూసల దండలు చూస్తుంది. డాన్సు చూస్తుంది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, సినిమా సెట్టింగులాగా.

"ఏందీ పాపా, మద్రాసులో దిగినకాడ్నుంచి మీ పిల్లకు చెమటే పట్టలేదు?" అన్నాను.

"చెమట యాడ రాయాల తాతా?"

"యాడన్నా రాయి. మద్రాసు అని తెలియాల గదా."

"మీరు డాన్సు కొట్టేసినారే!"

"కొట్టేయలే. సగం చేసినా. దిగిన దినమే డాన్సు చూసే పిల్ల ముందు అన్నం యాడ తినిందో తెలియాల."

ఆమె నవ్వి, నా ఎర్ర పెన్ను లాక్కుని దాచిపెట్టింది. అప్పుడు, మాట మార్చడానికే కావచ్చు, మా ఇంట్లోనే ఒక క్రాపు పిల్ల ఉండేదని చెప్పాను.

ఆమె మా తాతకు చెల్లెలు. మేం చిన్న జేజి అనేవాళ్లం. నంద్యాలలో పుట్టి ఆళ్లగడ్డలో కాపురం చేసింది. నేనెరిగిన చిన్న జేజికి తెల్లటి పెద్ద కొప్పు. కానీ పెళ్లికి ముందుదని ఒక ఫొటో ఉంది. అందులో పదహారేళ్ల పిల్ల. జుట్టు చెవుల కిందికి దిగి ఆగిపోయి ఉంటుంది. జ్వరం వచ్చి చావు దాకా పోయిందని, అహోబిలం స్వామికి తలనీలాలు మొక్కుకున్నారని, మళ్లీ పెరుగుతున్నప్పుడు తీసిన ఫొటో అని మా నాయన చెప్పేవాడు. మా ప్రాంతంలో జుట్టు లేని ఆడమనిషి కనపడితే దేవుడికి ఇచ్చిందనే అనుకుంటారు. ఇంకో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

మనవరాలు నవలను మొదటి నుంచి తిరగ రాసింది. మద్రాసు తగ్గింది, నంద్యాల వచ్చింది. జ్వరం, మొక్కు, ఎద్దులబండి మీద అహోబిలం ప్రయాణం, గుండుతో తిరిగొచ్చిన పిల్ల అద్దం చూసుకుని ఏడవడం, జుట్టు చెవుల దాకా పెరిగేసరికి అదే బాగుందనుకోవడం. ఆ అధ్యాయం నాకు నచ్చింది. చెమట కూడా ఉంది. పుస్తకం అట్ట మీద చిన్న జేజి ఫొటో వేస్తామని హైదరాబాదు వాళ్లు అడిగారు. ఫొటో ఆళ్లగడ్డలో ఉంది. మేమిద్దరం ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం.

ఆళ్లగడ్డలో ఆ ఇల్లు ఇప్పుడు చిన్న జేజి కూతురిది. నాకు పెద్దమ్మ వరస. తొంభైకి దగ్గర పడింది. చూపు తగ్గి మనిషిని గొంతుతో గుర్తుపడుతుంది. ఆమె కొడుకు నాకంటే చిన్నవాడు, పొలం, వడ్ల వ్యాపారం చూసుకుంటాడు. మేం వెళ్లేసరికి తమ్ముడు ఇంట్లో లేడు. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"ఎవురూ? నంద్యాలోడా? పేపర్లో ఉద్యోగం పోయిందంట గదా."

"పోలేదు పెద్దమ్మా. రిటైరైనా."

"రెండూ ఒకటేలే. ఇంట్లోనే గదా ఉండేది. ఈ పాప ఎవురు?"

చెప్పాను. నవల సంగతీ చెప్పాను. వాళ్లమ్మ గురించే అనేసరికి పెద్దమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చదవమంది. మనవరాలు జ్వరం అధ్యాయం తీసింది. బాగా చదువుతుంది, బడిలో అలవాటు. బండి అహోబిలం చేరేసరికి పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది.

"యాడిదే ఈ జరం?"

"నంద్యాలలో అందరూ అట్లే చెప్తారు జేజీ."

"అందురూ అంటే ఎవురు? మొగోల్లా?"

మనవరాలు నా వైపు చూసింది. నేను మా నాయన చెప్పాడన్నాను.

"మీ నాయన అప్పటికి పుట్టనే లేదు. మా యమ్మకు ఏ జరమూ రాలే. గుండ్రాయి మాదిరి ఉన్నింది."

ఆ తర్వాత పెద్దమ్మ చెప్పింది ఇది. అప్పట్లో నంద్యాల మిషన్ బంగళాలో ఒక దొరసాని ఉండేది. వయసులో చిన్నది, పెళ్లి కాలేదు. చిన్న జేజి ఆమె దగ్గర కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్లేది. దొరసాని జుట్టు చెవుల దాకానే. వాళ్ల ఊర్లో అందరూ అట్లే కత్తిరించుకుంటున్నారని చెప్పిందట.

"దాని తల తడిస్తే గడియలో ఆరిపోతాండెనంట. మా యమ్మకు నడుము దాటి జడ. తలంటినదినం సందకాడ దాకా సాంబ్రాణి పొగలో కూసోవాల. ఈగ తోలుకునేదానికి గూడా లేయకూడదు. నాకూ కత్తిరించు దొరసానీ అనిందంట. ఆ యమ్మ భయపడె. మీ నాయన నన్ను రైలెక్కిస్తాడు, వద్దు అనె."

"మరి ఎవురు కత్తిరించినారు జేజీ?"

"ఎవురు కత్తిరిస్తారు? మంగలోడు కత్తిరిస్తాడా? మా యమ్మే."

ఎరువు కోసం పొలంలో గొర్రెలను రాత్రిళ్లు నిలిపేవాళ్లు. దాన్ని మంద కట్టడం అంటారు. అట్లా మందతో వచ్చిన గొల్లలు బొచ్చు కత్తిరించే కత్తెర మా కొట్టంలో పెట్టి వెళ్లారు. ఇంట్లో అందరూ మధ్యాహ్నం పడుకున్నప్పుడు పిల్ల కొట్టంలోకి వెళ్లి, ఆ కత్తెరతో జడను మొదట్లో పట్టి కోసేసుకుంది.

"బొచ్చు కత్తెర గదా. మేక మేసినట్లు అయిపోయె. మా అవ్వ నెత్తీ నోరూ కొట్టుకొని ఏడ్సిందంట. మర్నాడు బంగళాకు పోతే దొరసాని చూసి ఇరగబడి నవ్వె. నవ్వి, కూసోబెట్టి, కొసలు సమం చేసి, ఫొటో తీసె. అదే ఆ ఫొటో."

"మొక్కు?"

"అప్పటికే ఈడ సంబంధం కుదిరిండె. మా తాత ఏం చేస్తాడు? అహోబిలం స్వామికి ఇచ్చినామని ఈల్లకు కబురు పంపె. ఈల్లు దండం పెట్టుకొని, జుట్టు పెరిగేదాకా పెండ్లి ఆపిరి. అంతే. అప్పట్నుంచి మొక్కు, జరం, అన్నీ పుట్టుకొచ్చె."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇలాంటి ప్రశ్న అడగడం నాకు అలవాటు.

"మా యమ్మ నాకు తలకు చమురు పెడ్తా చెప్పె. నేనుండేదాకా ఎవురికీ చెప్పొద్దే అనె. సరే, పోయినాక ఎవురన్నా అడుగుతారేమోనని చూస్తి. ఎవురూ అడగలే. ఏమడుగుతారు, అందురికీ తెలిసిందే గదా, మొక్కు." నా వైపు తిరిగి మళ్లీ అంది. "చూడు నాయనా. ఆ యమ్మ పుట్టినకాడ్నుంచీ పొయ్యేదాకా తన కోసమని చేసుకునింది ఆ పని ఒక్కటే. దాన్ని గూడా దేవుని పేర రాసేసినారు. నాకు కండ్లు పోయినాయి. రేపు నేనూ పోతా. ఈ పాప పుస్తకంలో గూడా జరమే ఉంటే ఇంగ అదే నిజమైతాది."

మనవరాలు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

తమ్ముడు అప్పుడే వచ్చాడు. చెప్పులు విడుస్తూనే చివరి మాటలు విన్నట్టున్నాడు.

"ఏందన్నా, వచ్చీ రాకనే మాయమ్మ చేత ఏం చెప్పిస్తాండావ్?"

విషయం చెప్పాను. అతనికి నచ్చలేదు. దానికి కారణం ఉంది. చిన్న జేజి వాళ్ల ఊరి బడికి స్థలం ఇచ్చింది. ఆ బడి ఆవరణలో ఆమె రాతి విగ్రహం పెట్టాలని తమ్ముడు నిర్ణయించాడు. ఆళ్లగడ్డలో రాతిపని చేసేవాళ్లకు కొదవ లేదు. ఫొటో ఇస్తే ఎవరి బొమ్మనైనా చెక్కుతారు. పని దాదాపు అయిపోయింది. అహోబిలం నుంచి పండితుడొకాయన వచ్చి ఆవిష్కరించడానికి ఒప్పుకున్నాడు. స్వామికి తలనీలాలిచ్చి బతికిన బిడ్డ అని చెప్పి మరీ ఆయన్ని పిలిచాడు తమ్ముడు.

"ఇప్పుడు పోయి ఏమని చెప్పాల? స్వామీ, మొక్కు గిక్కు ఏం లేదు, గొర్రె కత్తెరతో కోసుకునింది అని చెప్పాల్నా?"

"అట్లే చెప్పు," అంది పెద్దమ్మ.

"నువ్వూరుకోమ్మా. పాపా, నువ్వు రాసింది మొక్కే గదా. బాగుండాది. అట్లే ఉండనీ. నీకేం పోయె?"

"తెలిసినాక రాయలేను చిన్న తాతా."

"అయితే ఫొటో ఇయ్యను. నా ఇంటి మనిషి ఫొటో అట్ట మీద ఏసి, లోపల ఇట్లాంటివి రాస్తే ఊర్లో నేనేం ముఖం పెట్టుకొని తిరగాల?"

ఫొటో ఇంట్లో లేదని, శిల్పి షెడ్డులో ఉందని కూడా అప్పుడే చెప్పాడు. పెద్దమ్మ లేచి నిలబడింది. బొమ్మ చూస్తానంది. చూపే లేదు గదా ఏం చూస్తావని కొడుకు అన్నాడు.

"చేతులుండాయి. పద."

కార్లో వెళ్లాం. షెడ్డు రోడ్డు పక్కనే. ముందు నందులు, ఆంజనేయులు, ఇద్దరు ముగ్గురు నాయకులు వరసగా నిలబడి ఉన్నారు. లోపల కటింగ్ మిషన్ మోత, తెల్లటి దుమ్ము. శిల్పి నలభై ఏళ్ల మనిషి, ముక్కుకు కండువా కట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మిషన్ ఆపించాడు.

బొమ్మ నల్లరాతిది, నడుము దాకా. ముఖం ఫొటోలో ఉన్నట్టే వచ్చింది. పెదవుల దగ్గర నవ్వు ఆపుకుంటున్న తీరు కూడా పట్టుకున్నాడు. మేం మెచ్చుకున్నాం. తమ్ముడు గర్వంగా నిలబడ్డాడు. పెద్దమ్మను దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె నుదురు తడిమింది, ముక్కు తడిమింది, చెవుల పక్కన జుట్టు తడిమింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి అక్కడే ఆపేసింది.

"ఇదేంది?"

నేను వెనక్కి వెళ్లి చూశాను. జడ. తల వెనక నుంచి పీఠం దాకా, మూడు పాయలూ విడివిడిగా కనపడేట్టు, మధ్యలో పూలచెండు పెట్టి చెక్కిన జడ.

"ఈ జడ ఎవురిది?" అంది పెద్దమ్మ.

"అవ్వగారిదే," అన్నాడు శిల్పి. "ఫొటోలో ఎనకపక్క కనపడదు గదమ్మా. ముందర జుట్టు ఇట్లుంటే ఎనక జడ ఉంటాదని నేనే ఏసినా."

"నిన్నెవురన్నా ఏయమన్న్యారా?"

"అడిగేదేముంది? ఆడమనిషి బొమ్మ. జడ లేకుంటే ఎనకనుంచి చూసినోల్లు మొగోడనుకుంటారు."

"అప్పుడూ అనుకున్న్యారు. మా యమ్మ బజార్లో పోతాంటే మొగపిల్లోడు పోతాండాడని ఎగతాళి చేసినారు. ఆమెకేం కాలే." పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. "దీన్ని తీయించు."

"అమ్మా, అది ఎంత పనో తెలుసా నీకు? బొమ్మలో అదే బాగుండాదని అందురూ అంటాండారు."

"బాగుంటే ఆ జడను ఒక్కదాన్నే పెట్టుకో బడికాడ. మా యమ్మ పేరు రాయొద్దు. నేనూ రాను."

తమ్ముడు శిల్పి ముఖం చూశాడు. ఇది కుదరదని అతను అంటాడని ఆశ పడ్డాడనుకుంటాను. శిల్పికీ కోపంగానే ఉంది. పూలచెండు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"తీయొచ్చు. తీసినాక మల్లా కావాలంటే నా చేతిలో లేదన్నా. ఇంకో రాయే. అదొకటి, మెడకాడ సన్నమైతే తల నిలబడదు. యాడిదాకా తీయాలో సరిగ్గా చెప్తేనే చెయ్యి పెడతా. ఫొటోలో ఎనకపక్క లేదు మరి."

నేను బల్ల మీది ఫొటో తీసుకుని చూశాను. ముందు నుంచి తీసిన ఫొటో. వెనక జుట్టు ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి చెప్పలేం. తమ్ముడు, అదీ సంగతి అన్నట్టు నా వైపు చూశాడు.

"పాపా, ఇట్లరా," అంది పెద్దమ్మ.

మనవరాలు దగ్గరికి వెళ్లింది. పెద్దమ్మ ఆమె భుజాలు పట్టి అటు తిప్పి నిలబెట్టింది. జడ పైకెత్తి పట్టుకోమంది. వెనక మెడ మీద వేలితో వెతికింది. తల ఎముక అయిపోయి మెడ గుంట మొదలయ్యే చోట వేలు ఆపి, అక్కడి నుంచి రెండు చెవుల కిందికీ అడ్డంగా గీసింది.

"ఈడికి. చమురు పెడ్తా నా మెడ మీద ఇట్లే గీసి చూపించె. ఈడ గాలి తగిలితే సల్లగ ఉంటాండెనే అనె."

శిల్పి వంగి మనవరాలి మెడ చూశాడు. వేలు తియ్యొద్దని పెద్దమ్మతో చెప్పి, చెవి నుంచి ఆ చోటికి ఎంతుందో చేత్తో కొలుచుకున్నాడు. బొమ్మ వెనక్కి వెళ్లి సుద్దముక్కతో గీత గీశాడు. గీత కింద జడంతా మిగిలిపోయింది.

"మెడ నిలబడతాది," అన్నాడు. "గుంటకాడ కొంచెం మందం పెడితే సరిపోతాది." తర్వాత తమ్ముడితో అన్నాడు. "ఏమన్నా, కానీమంటావా?"

తమ్ముడు రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. ఎవరికో ఫోన్ చేశాడు. ఇక్కడికి మాటలు వినపడలేదు, గాలిలో చెయ్యి ఊపడం కనపడింది. పెద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఆ బొమ్మ పని అయ్యేదాకా ఇక్కణ్నుంచి కదలనంది. ఒక దినం పని కాదమ్మా అని శిల్పి అంటే, మొదలయ్యేదాకన్నా కూసుంటా అంది.

తమ్ముడు తిరిగొచ్చాడు.

"ఎవురికి చేసినావ్?" అంది పెద్దమ్మ.

"అహోబిలం ఆయనకే. చెప్పినా."

"ఏమనె?"

"నవ్వినాడు. వాళ్లింట్లో పాపలు గూడా బ్యూటీ పార్లరుకే పోతాండారంట. వస్తాననినాడు." అతని గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. శిల్పితో, "కానీప్పా," అన్నాడు.

శిల్పి కండువా ముక్కు మీదికి లాక్కున్నాడు. తమ్ముడు తల్లి కుర్చీని దుమ్ముకు దూరంగా జరిపి, బల్ల మీది ఫొటో తీసి మనవరాలి చేతికిచ్చాడు.

"ఫోన్లో తీసుకో పాపా. దీంతో ఈయనకు ఇంకా పని ఉండాది. రాసేది మాత్రం చూసి రాయి. మేక మేసినట్లుండెనని రాయొద్దు. దొరసాని సమం చేసిందని రాయి, చాలు."

"రెండూ రాయమ్మా," అంది పెద్దమ్మ.

అతను ఏదో అనబోయాడు. అప్పటికే మిషన్ మొదలైంది. ఆ మోతలో తల్లీ కొడుకులు చేతులు తిప్పుతూ వాదించుకోవడం కనపడింది గానీ, ఎవరేమన్నదీ మాకు వినపడలేదు.